లెక్క చదవకుండా జవాబు రాయడం ఎలా?

అనువాదం మదనపల్లెకు అచ్చొచ్చిన పని. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలోనే. అదే ఊళ్లో ఇప్పుడు నాలుగు తెలుగు వాక్యాలను ఒక సమీకరణంలోకి మార్చమంటే పిల్లలు నీళ్లు నములుతారు. పెద్దలు ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి వెళ్తారు. అలాంటివారి కోసమే ఈ చిట్కాలు. వీటిని పాటిస్తే మార్కులు రావు గానీ టైము బోలెడు మిగులుతుంది.

చిట్కా 1: ప్రశ్న చదవకండి, అంకెలు ఏరుకోండి

వెయ్యేళ్ల నాడు పావులూరి మల్లన, మహావీరాచార్యుల గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి దించాడు. అప్పటివాళ్లు పాపం ముందు పద్యానికి అన్వయం చెప్పుకుని, ఆ తర్వాతే లెక్కలోకి దిగాలి. మనకు వచనమే ఇచ్చారు కాబట్టి అదీ చదవనక్కర్లేదు. కాగితం మీద అంకెలెక్కడున్నాయో చూసి కూడేయండి. కూడితే పెద్దదైపోయిందనిపిస్తే తీసేయండి.

ఈ పద్ధతి మన ఒక్కరిదే కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో 97 మంది చిన్న పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 76 మంది ఆ అంకెలతోనే కెప్టెన్‌కు ఏదో ఒక వయసు తేల్చేశారు. అడిగినవాళ్లను నొప్పించకూడదన్న మర్యాద అన్ని దేశాల్లోనూ ఉంది.

చిట్కా 2: తెలియనిది ఏమిటో ఎవరికీ చెప్పకండి

'ఎక్స్ అనుకొనుము' అని రాసి వదిలేయండి. ఎక్స్ అంటే టమాటాలా, టమాటాల ధరా, టమాటాలు తెచ్చిన రైతా అన్నది పేపరు దిద్దేవారి ఊహకే వదలాలి. భాస్కరాచార్యుడు తెలియని రాశిని 'యావత్తావత్', అంటే 'ఎంతైతే అంత' అన్నాడు. రెండోది వస్తే కాలకం, మూడోది వస్తే నీలకం అని రంగుల పేర్లు పెట్టాడు. పేరు ఏదైనా, అది ఒక సంఖ్య పేరే తప్ప వస్తువు పేరు కాదు. ఈ తేడా మీరు పట్టించుకోకండి.

పట్టించుకోకపోతే మంచి తోడే దొరుకుతుంది. 'ఆచార్యులకు ఆరు రెట్లు విద్యార్థులున్నారు, సమీకరణం రాయండి' అని అమెరికాలో 150 మంది ఇంజనీరింగ్ విద్యార్థులను అడిగితే 37 శాతం మంది తప్పు రాశారు. 1981లో అచ్చైన పరిశోధన ఇది. తప్పు రాసినవారిలో ఎక్కువ మంది రాసింది '6వి = ఆ'. వారి లెక్క ప్రకారం 60 మంది విద్యార్థులకు 360 మంది ఆచార్యులు!

ఇక చరరాశి అంటే ఏమిటో మదనపల్లె రైతుకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 2023 జూలైలో కిలో 200 రూపాయల దరిదాపుల దాకా వెళ్లిన టమాటా, ఇంకో ఏడు కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పడుతుంది.

చిట్కా 3: శాతం కనబడితే చేతికందిన అంకెకు వేసేయండి

ఒక రైతు మండీకి 100 బాక్సుల టమాటా తెచ్చాడనుకుందాం. అమ్మిన సొమ్ములో 10 శాతం కమీషన్. బాడుగ బాక్సుకు 30 రూపాయలు. చేతికి 15,000 మిగిలితేనే బ్యాంకు కంతు కట్టగలడు. బాక్సు ఎంతకు పోవాలి?

మన చిట్కా ప్రకారం 15,000కు బాడుగ 3,000 కలిపితే 18,000. దాని మీద 10 శాతం, 1,800. మొత్తం 19,800. బాక్సు 198 రూపాయలు. ఎంత హాయి!

"తాతా, బాక్సు ధర 'ధ' అనుకుందాం" అన్నాడు చదువుకున్న మనవడు.

"అనుకునేదేముందిరా నాయనా? కంతు, బాడుగ కలిపితే పద్దెనిమిది వేలు. పది వంతుల్లో ఒకటి మండీకి పోతే మనకు మిగిలే తొమ్మిది వంతులు అదే కదా. వంతుకు రెండు వేలు. పది వంతులు ఇరవై వేలు. బాక్సు రెండు నూర్లు."

మనవడు రాసింది 100ధ − 10ధ − 3,000 = 15,000. అంటే 90ధ = 18,000, ధ = 200. తాత చివరి నుంచి వెనక్కి నడిచాడు. ఆర్యభటుడు 499లో చెప్పిన విలోమ పద్ధతి అదే. మన జవాబుకూ వాళ్ల జవాబుకూ తేడా రెండే రూపాయలు. వదిలేయండి.

చిట్కా 4: రెండు రకాలుంటే సగం సగం కలపండి

పుంగనూరు ఆవు మీటరు ఎత్తు కూడా ఉండదు. రోజుకు ఇచ్చేది మూడు నుంచి అయిదు లీటర్లు. పాలలో వెన్న మాత్రం 8 శాతం దాకా ఉంటుందని పేరు. వేరే ఆవు పాలలో 3 శాతం అనుకుందాం. రెండూ కలిపి 5 శాతం వెన్నతో 10 లీటర్లు కావాలి. మీరైతే అయిదూ అయిదూ పోసేస్తారు. అప్పుడు వెన్న 5.5 శాతం అవుతుంది. కొనేవాడు సంతోషిస్తాడు, అమ్మేవాడికే నష్టం.

చాదస్తులు పుంగనూరు పాలు 'పా' లీటర్లు, మిగతావి '10 − పా' లీటర్లు అనుకుంటారు. 8పా + 3(10 − పా) = 50 అని రాస్తారు. 5పా = 20, పా = 4. ఆ నాలుగు లీటర్లు ఒక్క పుంగనూరు ఆవు ఇవ్వగలదా అని కూడా చూసుకుంటారు. ఇవ్వగలదు. జవాబు 14 అని వచ్చి ఉంటే ఆవును కాదు, సమీకరణాన్ని అనుమానించాలి.

చిట్కా 5: లెక్కను ఇంగ్లీషులోనే బట్టీ పట్టండి

మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉంది కుప్పం. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడే వెలిసింది. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ 'రెట్టింపు కంటే 3 తక్కువ' అనే అంటాం. విన్న వరసలో రాస్తే చాలు, 2య − 3 దానంతటదే వస్తుంది. ఇంగ్లీషులో ముందు మూడు తక్కువంటారు, తర్వాత దేనికంటేనో చెబుతారు. విన్న వరసలో రాస్తే తలకిందులవుతుంది. తప్పు చేయడానికి ఇంత మంచి అవకాశం వదులుకోకండి.

ఇక ఏ భాషలోనైనా సరే, రైలు లెక్క వస్తే పెన్ను మూసేయండి. కుప్పం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. 6 గంటలకు కుప్పంలో ఒక బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, 6:30కి బెంగళూరులో ఇంకోటి 60 వేగంతో ఎదురెదురుగా బయల్దేరాయి. ఎప్పుడు కలుస్తాయి? మొదటి బండి నడిచిన గంటలు 'గ' అయితే, రెండోది అరగంట తక్కువ నడిచింది. 40గ + 60(గ − ½) = 100. గ = 1.3. కాబట్టి 7:18కి, కుప్పానికి 52 కిలోమీటర్ల దూరాన. మీరు మాత్రం బంగారపేటలో బండి ఎంతసేపు ఆగుతుందో చెప్పలేదని అభ్యంతరం రాసి వచ్చేయండి.

చిట్కా 6: సరిచూడకండి

వచ్చిన జవాబును మళ్లీ ప్రశ్నలో పెట్టి చూడడం ఇచ్చిన కానుకను తిరిగి అడిగినట్టుంటుంది. అయినా మనసాగకపోతే ఒక్కసారి, మూడో చిట్కాలోని మన 198ని పెట్టి చూడండి. 100 బాక్సులకు 19,800. కమీషన్ 1,980 పోయింది. బాడుగ 3,000 పోయింది. మిగిలింది 14,820.

కంతుకు 180 రూపాయలు తక్కువ. బ్యాంకులో స్టెప్ మార్కులు ఇవ్వరు.