ఛార్జింగ్‌కే సార్!

మాదాపూర్‌లో కావచ్చు, గచ్చిబౌలిలో కావచ్చు, ఏదో ఒక ఆఫీసు. సిస్టమ్ అడ్మిన్ చంకలో సర్క్యులర్ పెట్టుకుని, రెండు చేతులా ఎంసీల్ ముద్ద పిసుకుతూ కంప్యూటర్ల ముందు వరసగా వంగుతున్నాడు. సొంత పాటల ప్లేయర్లు, ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు ఆఫీసు సిస్టమ్‌లకు తగిలించరాదని సర్క్యులర్ సారాంశం. సీపీయూ ముందున్న రెండు యూఎస్‌బీ రంధ్రాలూ మూసుకుపోయాయి. అతను పక్క వరసకు వెళ్లాడో లేదో, అకౌంట్స్ ఉద్యోగి చెప్పులు విడిచి బల్ల కిందికి దూరాడు. బూజు తుడిచి, సీపీయూ వెనకున్న నాలుగు రంధ్రాల్లో ఒకదానికి ఫోను తగిలించాడు. పైకి లేచేసరికి ఎదురుగా మేనేజరు.

"ఛార్జింగ్‌కే సార్!"

మేనేజరు ఏమీ అనలేదు. అనడానికి ఆయన ఫోను కూడా ఆయన లాప్‌టాప్‌కే వేలాడుతోంది.

పాటల పెట్టెను చూసి ఆఫీసులు ఉలిక్కిపడటం కొత్తేమీ కాదు. 2001 అక్టోబరు 23న ఆపిల్ ఐపాడ్‌ను తెచ్చి, జేబులో వెయ్యి పాటలు పడతాయని చాటింది. పట్టేది గాల్లో కాదు, 5 జీబీ హార్డ్‌డిస్కులో. ఆ డిస్కుకు బాలు పాటకూ బ్యాలెన్స్ షీటుకూ తేడా తెలియదు. ఏది పెడితే అది మోసుకుపోతుంది. 2004లో గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ ఈ సంగతే కంపెనీల చెవిన వేసింది. ఇలాంటి పరికరాలను ఆఫీసులోకి రానివ్వడంపై ఆలోచించుకోమంది. మరుసటి ఏడు ఏబ్ అషర్ అనే అమెరికా భద్రతా నిపుణుడు చిన్న ప్రోగ్రామ్ రాసి ఐపాడ్‌లో పెట్టి చూపించాడు. కంప్యూటర్‌కు తగిలిస్తే చాలు, నిమిషం పైచిలుకులో అందులోని డాక్యుమెంట్లన్నీ పెట్టెలోకి వచ్చి పడతాయి. దానికి 'పాడ్ స్లర్పింగ్' అని పేరు. మన భాషలో జుర్రుకోవడం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపుతుంటే ఈశ్వరుడు కూడా పాట బాగుందేమో అనుకుంటాడు.

కాబట్టి అనుమానమంతా ఉద్యోగి మీదికి పోయింది. అసలు గొడవ మాత్రం సీలు కూడా తీయని డబ్బాల్లో నిక్షేపంగా కూర్చుంది.

2006లో జపాన్‌లో మెక్‌డొనాల్డ్స్ 10,000 ఎంపీ3 ప్లేయర్లను బహుమతులుగా పంచింది. ఒక్కోదాంట్లో పది పాటలు, వాటితోపాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ట్రోజన్ ఒకటి. పాటలు ఉచితం, ట్రోజన్ కూడా ఉచితమే. తర్వాత క్షమాపణ చెప్పి ప్లేయర్లను వెనక్కి పిలిపించారు.

అదే ఏడాది అక్టోబరులో ఆపిల్ కూడా నోరు విప్పక తప్పలేదు. సెప్టెంబరు 12 తర్వాత అమ్మిన వీడియో ఐపాడ్‌లలో కొన్నింట్లో, ఒక శాతం లోపే లెండి, విండోస్ వైరస్ ఉందని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలులోనే, ఇలాంటి వైరస్‌లను తట్టుకునే గట్టిదనం విండోస్‌కు లేదని చిరాకు పడింది. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత కాలిఫోర్నియా దాకా వెళ్లిందని అప్పుడే తెలిసింది. ముందే పట్టుకోలేకపోయినందుకు తమ మీద తమకు ఇంకా కోపంగా ఉందని కూడా అన్నారు కనుక సగం మార్కులు ఇవ్వొచ్చు.

పూర్తిగా సున్నా వేయాల్సింది సోనీ బీఎంజీకి. 2005లో ఆ కంపెనీ పాటల సీడీలను కంప్యూటర్‌లో పెట్టిన వాళ్లకు పాటలతోపాటు ఒక రూట్‌కిట్ కూడా దక్కింది. పాటలు కాపీ కాకుండా కాపలా కాయడం దాని పని. అది కంటికి కనబడకుండా దాక్కుని, '$' గుర్తుల మధ్య 'సిస్' అనే అక్షరాలతో పేరు మొదలయ్యే ఫైళ్లనన్నింటినీ దాచిపెట్టేది. వైరస్‌లు రాసేవాళ్లు ఈ ఉచిత దాగుడుగూటిని చూసి సంతోషంగా కాపురం పెట్టారు. మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు అక్టోబరు 31న ఈ బండారం బయటపెట్టాడు. సోనీ పెద్ద ఒకాయన అమెరికా రేడియోలో, రూట్‌కిట్ అంటే ఏమిటో చాలామందికి తెలియనే తెలియదు, అలాంటప్పుడు దాని గురించి బాధెందుకు అన్నట్టు మాట్లాడాడు. కంచే చేను మేసి, చేనుకు లెక్కలు రావు కదా అన్నట్టుంది.

ఇంతమందికి దారిచ్చిన తలుపు ఒకటుంది, ఆటోరన్. పరికరం తగిలించగానే అందులోని ప్రోగ్రామ్‌ను విండోస్ అడక్కుండానే నడిపించేది. వచ్చినవాడి పేరైనా అడగకుండా అన్నం వడ్డించే అతిథి మర్యాద అది. ఆ మర్యాద మరిగిన కాన్‌ఫికర్ అనే పురుగు 2008 నుంచి యూఎస్‌బీ ద్వారా, నెట్‌వర్క్ ద్వారా రెండు దారులా పాకింది. 2009లో బ్రిటన్‌లోని మాంచెస్టర్ నగర కౌన్సిల్‌లో దూరి పదిహేను లక్షల పౌండ్ల దాకా ఖర్చు పెట్టించింది. బస్సు లేన్‌లో దూరిన కార్ల చలాన్లు పదహారు వందల పైచిలుకు గడువు దాటి చెల్లకుండా పోయాయి. మన ఈ-చలానా బాధితులు వింటే ఆ పురుగుకు హారతి పడతారు. కౌన్సిల్ ఆ తర్వాత యూఎస్‌బీ స్టిక్‌లను నిషేధించింది. పాత విండోస్‌లలో పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్‌ను కట్టేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అందరికీ పంపింది 2011 ఫిబ్రవరిలో. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరుగుతాయంటారు. ఇక్కడ కుక్క రెండేళ్లకు పైగా నిద్రపోయింది.

ఇక నేటి సంగతి. ఐపాడ్ తయారీయే 2022లో ఆగిపోయింది. ఇప్పుడు పాటల పెట్టె అంటే ఫోనే. తీగ తీసేసినా వైఫై ఉంది. ఉద్యోగుల ఫోన్లకు వేరే గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి, దాన్నుంచి ఆఫీసు సర్వర్లు కనబడకుండా చేస్తే సగం తలనొప్పి పోతుంది. ఈ పని చేసిన ఆఫీసులున్నాయి. చేశామనుకుంటున్న ఆఫీసులు ఇంకా ఎక్కువున్నాయి. అక్కడ గెస్ట్ నెట్‌వర్క్, అసలు నెట్‌వర్క్ రెండింటికీ పాస్‌వర్డ్ ఒకటే. కంపెనీ పేరు, పక్కన ఎట్ 123. మరచిపోకుండా మీటింగ్ రూమ్ గోడ మీద అంటించి కూడా ఉంటుంది.

ఎంసీల్ కన్నా చవకైన మందులు అడ్మిన్ చేతిలోనే ఉన్నాయి. కీబోర్డు, మౌస్ తప్ప ఇంకే యూఎస్‌బీ పరికరం తగిలినా పలకొద్దని ఒక్క చోట కూర్చుని అన్ని సిస్టమ్‌లకూ చెప్పొచ్చు. బల్ల కిందికి దూరే పని ఇద్దరికీ తప్పుతుంది. ఫోను వైపు కూడా 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి తీగ తగిలిస్తే మామూలుగా ఛార్జింగ్ మాత్రమే అవుతుంది. ఫైళ్లు కదలాలంటే మనిషి వేలితో నొక్కాలి. అకౌంట్స్ ఉద్యోగి నొక్కాడు. కొత్త సినిమా పాటలు ఆఫీసు సిస్టమ్‌లోనే డౌన్‌లోడ్ చేసి ఉన్నాయి మరి.

ఈ కాలమ్‌ను ఆఫీసులో చదువుతున్నవారు ఒక్కసారి తల వంచి తమ ఫోను తీగ ఎక్కడిదాకా వెళ్లిందో చూసుకోగలరు. గోడ ప్లగ్గుకైతే నిశ్చింతగా పాట వినండి. సీపీయూ వెనక్కి వెళ్లి ఉంటే, మేనేజరు వచ్చేలోపు పీకేయండి.