గృహసారాయి చందా ద్విపద: టీకా తాత్పర్య సహితం

మూలం

ఇంటిలో సారాయి యింపుగాఁ గాయ
జంటగా డాలర్లు చందాగ నిండు

అవతారిక: అమెరికాలో ఇంట్లో బీరు తయారు చేసుకోవచ్చు, వైన్ పులియబెట్టుకోవచ్చు. ఆ వైన్‌నే మరిగించి, ఆవిరి చల్లార్చి బ్రాందీ దింపితే మాత్రం ఫెడరల్ నేరం. ఒక్కో నేరానికి అయిదేళ్ల వరకు జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ నిషేధం పోవాలని ఉద్యమించేవారి నిధికి ఉద్దేశించినది ఈ ద్విపద. కవి పేరు చెప్పుకోలేదు. చెప్పుకుంటే కర్తృత్వంతో పాటు నేరం చేసే ఉద్దేశం కూడా రుజువయ్యేది.

టీక: ఇంటిలోన్ = గృహమునందు. గృహమంటే వంటిల్లొక్కటే కాదు. 1868లో మొదలైన ఈ నిషేధం నేటి పన్నుల చట్టంలో 5178వ సెక్షన్‌గా ఉంది. నివాసం, దానిని అంటిపెట్టుకున్న షెడ్డు, పెరడు, ఆవరణ అన్నీ అందులోకి వస్తాయి. పడవను కూడా వదల్లేదు. గోడ దూకి తప్పించుకునేవాడు ఏటి మీద తేలతాడని శాసనకర్తల ముందుచూపు.

సారాయి = మద్యసారం. తెలుగు పాఠకుడికి ఈ మాట వినగానే బెల్లం ఊట పారబోసే ఎక్సైజు సిబ్బంది మనసులో మెదులుతారు. ఇక్కడ ప్రసక్తి వారిది కాదు. గ్యారేజీలో రాగి పాత్ర, థర్మామీటరు, నోటుపుస్తకం పెట్టుకున్న గృహస్థుడిది.

ఇంపుగాన్ = అభిరుచి కొద్దీ; అమ్మకానికి కాదని భావం. ఇంపులో ప్రమాదం లేదా అని శంక. ఉంది. ఇథనాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, దాని ఆవిరి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మెథనాల్ భయం మాత్రం పాక్షికంగానే నిజం. పళ్ల గుజ్జు పులిసినప్పుడు అది కొద్దిగా పుడుతుంది. సామూహిక మరణాలు సాధారణంగా లాభం కోసం పారిశ్రామిక మెథనాల్ కలిపిన సరుకు వల్ల జరుగుతాయి. తాను తాగేదానిలో తానే కల్తీ చేసుకునేవాడు అరుదు.

కాయన్ = కాచుటకు. నీటికో, సుగంధ తైలాలకో బట్టీ కొని ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం తప్పుపట్టదు. కానీ కొన్నవారి పేర్లు ఇవ్వమని అమ్మినవారిని ప్రభుత్వం అడగగలదు. ఈ పదంలోని భయం ఇదే.

జంటగాన్ = దంపతులుగా, లేక రెండేసి చొప్పున. వ్యాఖ్యాతలు మొదటి అర్థాన్నే ఇష్టపడతారు. అందుకు ఆధారం బీరు చట్టం. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన ఆ చట్టం ప్రకారం పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకు మించి గానీ ఉంటే 200. దాంపత్యానికి ఇంత స్పష్టమైన ప్రోత్సాహం ధర్మశాస్త్రాల్లోనూ కనబడదు.

డాలర్లు చందాగన్ ఇండు = డబ్బును విరాళంగా ఇవ్వండి. ఈ పద్యంలో బరువంతా ఇక్కడే ఉంది. డబ్బు ఎవరి చేతికి పోతుందన్నదే ప్రశ్న. ధర్మసంస్థకు ఇస్తే దాతకు పన్ను మినహాయింపు దొరుకుతుంది. ఆ సంస్థ మాత్రం శాసనసభ్యుల వెంట పరిమితంగానే తిరగాలి. లాబీయింగే ముఖ్యంగా చేసే సంస్థకు ఇస్తే అది ఎంతైనా తిరుగుతుంది. దాతకు మినహాయింపు ఉండదు. చట్టం మార్చాలంటే ఒక జోలె, కోర్టుకెక్కాలంటే మరో జోలె అన్నమాట.

తాత్పర్యం: ఇంట్లో సారాయి కాచుకునే హక్కు కావాలనుకునేవారు తలా కొంత వేసుకోవాలి.

విశేషాలు: జోలె నిండకపోవడానికి కారణం పిసినారితనం కాదు. దాత పేరు రాయించుకుంటే, నేను కాస్తున్నాను లేదా కాయదలచాను అని చాటుకున్నట్టే. అందుచేత ఉద్యమ భారం చాటుగా కాచేవారి మీద కాక, బాహాటంగా బట్టీలు అమ్మేవారి మీద పడుతుంది. వారిది నిస్వార్థమని ఎవరూ అనరు. అయినా ముందుకొచ్చింది వారే.

టెక్సాస్‌లో 2023 డిసెంబరులో హాబీ డిస్టిలర్స్ అసోసియేషన్, మరి నలుగురు ఈ నిషేధం మీద దావా వేశారు. వాదించినది కాంపిటీటివ్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ న్యాయవాదులు. 2024 జులై 10న న్యాయమూర్తి మార్క్ పిట్‌మన్, పన్ను వేసే అధికారం గానీ వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం గానీ ఈ నిషేధాన్ని నిలబెట్టలేవని తీర్పు చెప్పారు. ఆ నలుగురిలో దావాకు అర్హుడిగా నిలిచినవాడు ఒక్కడే. బట్టీ సామాను కొని ఉండవచ్చంటూ ప్రభుత్వం నుంచి హెచ్చరిక ఉత్తరం అందుకున్నవాడు. మిగిలిన ముగ్గురికి అలాంటి భాగ్యం లేకపోయింది. ఈ వ్యాజ్యంలో వేల డాలర్ల చందా చేయలేని పని ఆ ఒక్క ఉత్తరం చేసింది.

ఫలశ్రుతి: తీర్పు ఇచ్చిన రక్షణ ఆ సంఘానికీ, దాని సభ్యులకూ మాత్రమే. ఈ ద్విపద చదివినంత మాత్రాన ఫలం దక్కదని స్పష్టం. తీర్పు మీద ప్రభుత్వం అప్పీలు చేసింది. పైగా రాష్ట్ర చట్టాల జోలికి ఆ తీర్పు పోలేదు. అమెరికాలోని తెలుగు గృహస్థుడు బట్టీ కొనేముందు తన రాష్ట్ర చట్టాన్నీ, చందా వేసేముందు ఆ సంస్థకు ఇస్తే మినహాయింపు దొరుకుతుందో లేదో చూసుకోవాలి.