కస్టమ్స్ అధికారి గారికి ఎర్రగీతల్లోంచి

ఫ్లోరిడా తీరాన ఒకానొక విమానాశ్రయంలో కొలువైన కస్టమ్స్ అధికారి గారి సముఖానికి,

ఒంటి ఇంజను సెస్నా 172 నడుపుకునే అల్పజీవి నమస్కరించి విన్నవించుకునేదేమంటే...

బహామాల్లోని బిమిని నుంచి ఫ్లోరిడా తీరం సుమారు 50 మైళ్లు. గాలి కలిసొస్తే నా బండికి అరగంట. కానీ ఎక్కేవాళ్ల జాబితా, బయల్దేరడానికి కనీసం 60 నిమిషాల ముందే మీ ఈ-ఏపిస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో పడాలి. ప్రయాణం కన్నా ప్రయాణం కబురే పొడుగు! 2009 నుంచి ఉన్న నియమం, దేశభద్రత సంగతి, కాదనను. అది చాలదన్నట్టు దిగబోయే చోటికి ఫోన్ చేసి అనుమతీ పుచ్చుకోవాలి. పుచ్చుకున్నాను. రెండున్నరకి వస్తానన్నాను. రెండూ ఇరవై ఎనిమిదికల్లా మీరు నేలమీద గీయించిన ఎర్రగీతల గడిలో బండి ఆపాను.

తమరు దయచేసింది నాలుగుంపావుకి.

జులై ఎండ. సెస్నాలో ఏసీ లేదు. మీరొచ్చేదాకా దిగకూడదన్నారు. నియమం తప్పిన పైలట్‌కి మొదటిసారి 5,000 డాలర్లు, ఆపైన ప్రతిసారీ 10,000 దాకా జరిమానా. ఆ లెక్క కూడా చెమటలు పట్టించేదే. వెనక సీట్లో మా మామగారు. తెనాలి మనిషి, కృష్ణ బ్రిడ్జి ముందు ఆగిన రైళ్లలో సగం వయసు గడిపినాయన. "ఏవయ్యా అల్లుడూ, విజయవాడ ఔటర్ సిగ్నలా? అక్కడైతే పల్లీలవాడన్నా ఎక్కేవాడు" అన్నారు.

మీరు రేడియేషన్ మీటరు పట్టుకుని విమానం చుట్టూ ఓ ప్రదక్షిణ చేశారు. పాస్‌పోర్టులు చూశారు. ఐదు నిమిషాలు! "పళ్లేమైనా తెచ్చారా?" అనడిగారు. "రెండు అరటిపళ్లుండేవి, మీకోసం చూసి చూసి తినేశాం" అన్నారు మామగారు. మీరు నవ్వారు. ఆ పూట ఓడరేవు డ్యూటీ కూడా మీదేనని అప్పుడే చెప్పారు. పాపం, కోపం సగం దిగింది.

మిగతా సగానికి రెండు మనవులు. ఆలస్యమయ్యేట్టుంటే మాకూ ఓ 60 నిమిషాల ముందు కబురంపండి. రెండోది, సెస్నాకి రెక్కలు పైన ఉంటాయి కనక, కింద కాస్త నీడ పడుతుంది. అందులో నిలబడనివ్వండి. ఎర్రగీత దాటం.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. ఈసారి పల్లీలు మామగారే తెచ్చుకుంటారట. వేయించినవేలెండి, అడిగితే చూపిస్తాం.

ఇట్లు,
తమ గడిలోని పైలట్