గోడను చూడకుండా రంగు వేయడం ఎలా?

ఇంటికి సొంతంగా రంగు వేసుకుని నెగ్గాలంటే ముందు తేల్చుకోవాల్సింది నెగ్గడమంటే ఏమిటన్నది. గోడ నాలుగేళ్లు నిలవడమా, ఆదివారం సాయంత్రానికల్లా బంధువుల గ్రూపులో ఫొటో పెట్టడమా? రెండోదే అయితే పని చాలా తేలిక. తడిగా ఉన్నప్పుడు ఏ గోడైనా అందంగానే ఉంటుంది. కనక నేరుగా డబ్బా మూత తీయండి. గీకడం, కడగడం, లప్పం పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, ప్రైమర్ కొట్టడం, వీటిలో ఒక్కటీ ఫొటోలో పడదు. పెయింటర్లు మాత్రం వారం పని ఒప్పుకుంటే అందులో సగం రోజులు రంగు జోలికే పోరు. రోజుకూలీకి వచ్చారు కాబట్టి సాగదీస్తున్నారని మీరనవచ్చు. మంచి అనుమానమే. కానీ మొత్తం ఇంతని గుత్తకు మాట్లాడుకున్న మేస్త్రి కూడా, ఎంత త్వరగా ముగిస్తే తనకంత లాభమైనా, ముందు గోడ గీకే తీరతాడు. దీన్ని ఆయన చాదస్తం కింద కొట్టేసి ముందుకు సాగండి.

‘మా అమ్మమ్మలు సంక్రాంతికి ముందు ఇల్లంతా వెల్ల వేసుకునేవారు, వాళ్లకు ఏ ప్రైమర్ ఉంది?’ అని అడిగేవాళ్లుంటారు. మన పక్షాన ఇంత బలమైన వాదన ఇంకోటి లేదు కాబట్టి దాన్ని మరీ తరచి చూడకపోవడం మంచిది. చూస్తే సున్నం అడ్డొస్తుంది. నానబెట్టి వడగట్టి, కాస్త నీలిమందు కలిపి పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. గోడలో చెమ్మ ఉంటే దాన్ని బయటికి పోనిస్తుంది. అక్కడక్కడా రాలినా, వచ్చే పండక్కి మళ్లీ వేయనే వేస్తారు. ఈనాటి ఎమల్షన్ అలాంటిది కాదు. ఆరాక అది గోడకు అంటుకున్న సన్నటి ప్లాస్టిక్ పొర. వెనకున్న గోడ గట్టిగా, పొడిగా ఉంటేనే నిలుస్తుంది, పొడి రాలే పాత సున్నం మీద వేస్తే ఆ సున్నంతో సహా ఊడివస్తుంది. అమ్మమ్మ ధైర్యం మనకు వచ్చింది గానీ, ఆమె కుండలో సున్నం రాలేదు. ఈ తేడా ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఎత్తకండి.

ఇక బాత్రూం వెనక గోడ. అడుగుభాగాన మోకాలెత్తు దాకా రంగు బుడగలు కట్టి ఉంటుంది. గోటితో ఒక బుడగను నొక్కితే అప్పడంలా చిట్లి, లోపల దూదిలాంటి తెల్లటి పొడి కనిపిస్తుంది. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను నీరు మోసుకొచ్చి, తాను ఆవిరైపోతూ పైన వదిలేస్తుంది. ఆ పొడి అదే. అంటే లోపల ఎక్కడో పైపు కారుతోంది, లేదా టైల్స్ సందుల్లోంచి నీళ్లు దిగుతున్నాయి. ముందు ప్లంబరును పిలిచి, గోడను కొన్ని వారాలు ఆరనివ్వాలని తెలిసినవాళ్లంటారు. మనం ఆ పొడిని చీపురుతో దులిపి, కాస్త ముదురు షేడ్ రెండు కోటింగులు దట్టిద్దాం. నీళ్లకు దారి ఎలాగూ తెలుసు.

రంగు ఎంత కావాలో లెక్క వేయకండి. వేస్తే ఉత్సాహం చస్తుంది. 10 అడుగులకు 12 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అనుకుంటే, తలుపులూ కిటికీలూ తీసేయకుండా నాలుగు గోడలూ 440 చదరపు అడుగులు. రెండు కోటింగులకు 880. నాలుగు అంగుళాల బ్రష్షుతో, గీత పక్కన గీత ఒక్కసారే లాగినా అది 2,640 అడుగులు, అంటే సరిగ్గా అర మైలు. అందులో సగం స్టూలెక్కి. సీలింగు ఇంకా మొదలుపెట్టలేదు. ‘రోలరుంది కదా’ అంటారు. ఉంది. దూరం తగ్గిస్తుంది, మూలల్లోకి మాత్రం దూరదు. స్విచ్‌బోర్డు చుట్టూ, కిటికీ చట్రం వెంట మళ్లీ బ్రష్షే. రంగు సగం గోడకు అయిపోతే ఇంకో డబ్బా తెచ్చుకోండి. మిషన్లో కలిపిన షేడ్ రెండోసారి వెంట్రుకవాసి తేడాగా వస్తే, ఒక గోడ కావాలనే వేరుగా వేయించామని చెప్పుకోవచ్చు. ఇప్పుడది ఫ్యాషన్ కూడా.

ఒక్కచోట మాత్రం వేళాకోళం పనికిరాదు. పాత ఇళ్ల తలుపులకూ కిటికీ ఊచలకూ వేసిన ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం మిలియన్‌కు 90 పాళ్లు దాటకూడదన్న కేంద్ర నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరులో అమలైంది. అంతకుముందు వేసిన రంగును పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకీ, నేల మీది నుంచి వాళ్ల నోట్లోకీ పోతుంది. తడిపి రుద్దాలి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు, చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి.

మళ్లీ మన పనికొస్తే, బీరువా జరపకండి, దాని వెనక గోడను ఎవరూ అడగరు. సంక్రాంతికి వేసిన రంగు శ్రావణం దాకా బాగానే ఉంటుంది. వానలు పడ్డాక బాత్రూం గోడ మీద మొదటి బుడగ లేస్తుంది. మోకాలెత్తున క్యాలెండర్ తగిలిస్తే చూసేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి, అక్కడికి చెప్పుల స్టాండు కొలత చూసుకుని ముందే కొని పెట్టుకోండి.