ఏ తిరుమలగిరి స్వామీ?

పాత ఫొటోలు, వీడియోలు కంప్యూటర్‌కెక్కించి భద్రపరిచే మహానుభావులకు ఒక గట్టి నమ్మకముంది. స్థలం గడిలో 'తిరుమలగిరి' అని కొట్టేస్తే చరిత్ర పట్ల తమ బాధ్యత తీరిపోయినట్టే!

ఏ తిరుమలగిరి అని అడిగితే మనమే చాదస్తులం. సూర్యాపేట-జనగామ రోడ్డు మీద ఒకటుంది. సాగర్ వైపు 2016లో మండలమైంది ఇంకొకటి. తెల్లదొరలు నోరు తిరగక 'ట్రిముల్‌ఘెరీ' చేసేసిన సికింద్రాబాద్‌ది మూడోది. జగ్గయ్యపేట దగ్గర వేంకటేశ్వరుడు వెలసింది నాలుగోది. అయితేనేం? బొమ్మలో తుపాకీ ఉంటే సికింద్రాబాద్, గోపురం ఉంటే జగ్గయ్యపేట. మరి నలుగురు ఆడవాళ్లు తంగేడు పూలతో బతుకమ్మ పేరుస్తుంటే? చూసేవాడి అదృష్టం.

ఇంకో రకం ఉన్నారు, ఉత్సాహవంతులు. 2016 అక్టోబర్ 11న నల్లగొండ మూడు జిల్లాలైందని వినగానే పాత పేరంతా తుడిచి కొత్తది దింపేశారు. ఇప్పుడు 1948 నాటి సాయుధ పోరాటం ఫొటో కింద 'సూర్యాపేట జిల్లా, తెలంగాణ రాష్ట్రం' అని ఉంటుంది. నిజాంకు తెలియకుండా అప్పుడే అక్కడ కలెక్టరేట్ కట్టేశారన్నమాట!

ఒక్క అక్షరం కదపనివాళ్లు మూడో రకం. ఫణిగిరి బౌద్ధ తోరణం బయటపడినప్పటి కాగితాల్లో ఆ ఊరు తిరుమలగిరి మండలం, నల్లగొండ జిల్లా. ఇవాళ నాగారం మండలం, సూర్యాపేట జిల్లా. ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లొచ్చాయిగానీ, నాగారం అని వెతికేవాడికి ఆ పాత కాగితాలు దొరకవు.

'ఫోనే రాసుకుంటుందిలెండి' అనే ధీమా మరొకటి. ఫోన్ రాసేది తను ఉన్న చోటు. తాతగారి పెళ్లి ఫొటోను హైదరాబాద్ ఆఫీసులో బల్ల మీద పెట్టి క్లిక్‌మనిపిస్తే, పందిరీ, పురోహితుడూ, బాజాభజంత్రీలతో సహా పెళ్లి నగరానికి తరలిపోతుంది.

అయ్యా, అమ్మా! ఊరు, మండలం, ఫొటో తీసిన నాటి జిల్లా, నేటి జిల్లా వేరువేరు గడుల్లో రాయండి. పది జిల్లాలు ముప్పైమూడయ్యాయి, రేపు ఎన్నవుతాయో ఏలినవారికెరుక. ఏ ఊరో తెలియకపోతే తెలియదనే రాయండి. ఖాళీ గడిని చూసి ఆ ఊరివాళ్లెవరైనా నింపుతారు. తప్పుడు పేరును మాత్రం అందరూ నమ్మి ఎత్తి రాసుకుంటారు.