యాకిసోబా వాక్యమునకు ‘శీతదూషణి’ అను టీక

మూలము: “జపాన్ ప్రాచీన సంప్రదాయంలో, అగ్నిపై నాట్యమాడిన నూడుల్స్, ఋతువుల కూరలతో, మౌనంగా ఆస్వాదించవలసిన ఒక అనుభూతి.”

అవతారిక: ఇది హైదరాబాదులో ఒక పెద్ద రెస్టారెంటు మెనూలో, యాకిసోబా అను జపాను నూడుల్ వేపుడు పేరు కింద, నల్ల అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో వెలసిన వాక్యము. కర్త పేరు లేదు, అపౌరుషేయము కాబోలు. వడ్డించే అబ్బాయి పళ్లెం చేతబట్టుకుని దీనిని సస్వరంగా అప్పజెబుతాడు. అప్పజెప్పడం పూర్తయ్యేదాకా పళ్లెం బల్ల మీద పెట్టడు. ఈ టీకకు హేతువు అదియే. ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆ మెదకుసీమ మహానుభావుడికి చెల్లింది. నేను మొదటి సగానికి మాత్రమే పూచీ.

ప్రతిపదార్థము: సులభము గనుక విడువబడినది.

‘ప్రాచీన సంప్రదాయంలో’: ఇచ్చట ప్రాచీనము ఎంతటిదని శంక. నూడుల్ చైనా వంశము. పైన కలిపే నల్లటి పుల్లటి సాస్, ఇంగ్లండులో పుట్టిన వూస్టర్ సాస్‌కు జపాను మనుమడు. ఈ ఇద్దరికీ సంబంధం కుదిరినది ఇరువదవ శతాబ్దంలో. అంతకన్న వెనుకకు పోదలచినవారు ఆధారం చూపవలెను. జపానులో దీని నివాసస్థానం కోవెల ఉత్సవాలలో దారి పక్కన వేసే డేరా కొట్టు. ఇనప పలక మీద పంది మాంసం, క్యాబేజీ, పెసర మొలకలు, ఆవిరి మీద ఉడికించిన గోధుమ నూడుల్ వేసి, రెండు చేతుల రెండు అట్లకాడలతో తిరగేసి, పల్చని ప్లాస్టిక్ డబ్బాలో మూత పడనంతగా కుక్కి, రబ్బరు బ్యాండు వేసి, దాని కింద పుల్లలు దోపి ఇస్తారు. చాలాకాలం 500 యెన్ల నాణెం ఒక్కటి సరిపోయేది. తిరునాళ్లలో మిరపకాయ బజ్జీకి ఎంత ప్రాచీనత కలదో దీనికీ అంతే కలదు. అది తక్కువేమీ కాదు. నా కోపం వంటకం మీద కాదు సుమా.

‘అగ్నిపై’: అగ్ని అనగానే నలుడు స్ఫురించును. స్ఫురించకపోయినా నేను స్ఫురింపజేయుదును. దమయంతి స్వయంవరంలో దేవతలు నలుడికిచ్చిన వరాలలో రెండు ఇక్కడ ప్రస్తుతము. కోరినచోట ప్రత్యక్షమౌతానని అగ్ని అన్నాడు. అన్నరసం నీకు వశమని యముడు అన్నాడు. వంటలో రుచిని యముడే ఎందుకు ఇవ్వవలసివచ్చెనో ఆలోచించదగినది. హాస్టళ్లలో చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. పిమ్మట నలుడు రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడను మారుపేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి కొలువులో చేరాడు. శృంగారనైషధానికి ‘సర్వంకష’ వ్యాఖ్య రాసిన వేదం వేంకటరాయశాస్త్రిగారికి ఈ ఘట్టం దక్కలేదు. సంస్కృత మూలం రాసిన శ్రీహర్షుడూ, ఆయన వెనుకనే దానిని తెనిగించిన శ్రీనాథుడూ పెండ్లి వైభవాలతోనే కావ్యం ముగించారు గదా. విందు వర్ణించినవారు వంటవాణ్ణి వదిలేశారు! అది నేటి భోజన విమర్శకుల దాకా వచ్చిన ఆచారము. బాహుకుణ్ణి చూడాలంటే భారతానికే పోవలెను. కుండినపురంలో దమయంతి చెలికత్తె కేశిని అతణ్ణి చాటున గమనిస్తుంది. అతడు చూడగా ఖాళీ కుండలు నీటితో నిండుతాయి. గుప్పెడు గడ్డి పట్టుకోగా దానంతట అదే అంటుకుంటుంది. ఆమె అతడు వండిన మాంసం కొంచెం, అతడు ఏమరి ఉండగా తెస్తుంది, దమయంతి నోట వేసుకుంటుంది, వండినవాడెవడో తెలిసిపోతుంది. ఇక్కడ నేను చెప్పదలచిన విశేషం ఒక్కటే. కేశిని ఆ మాంసాన్ని వేడివేడిగా తెచ్చింది. తెచ్చి ఉపన్యసించలేదు. ‘రాణీ, ఇది విదర్భ ప్రాచీన సంప్రదాయంలో’ అని మొదలుపెట్టి ఉంటే దమయంతి ఇంకా విరహంలోనే ఉండును.

‘నాట్యమాడిన’: నాట్యము నూడుల్‌ది కాదు. ఎండబెట్టి, పొగబెట్టి, కాగితం కన్నా పల్చగా చివ్విన చేప తురుమును కొందరు పైన చల్లుతారు. కింది వేడికీ ఆవిరికీ అది లేచి, వంగి, మెలికలు తిరుగుతుంది. కాన ఇది కవితావర్ణన కాదు, ఉష్ణమాపకము. తురుము ఆడుతుంటే పళ్లెం వేడిగా ఉన్నట్టు. అబ్బాయి ‘అనుభూతి’ అనే మాట దగ్గరికి వచ్చేసరికి మా పళ్లెంలో తురుము సొమ్మసిల్లి పడుకుంది. సాస్ గడ్డకట్టి నూడుల్ ఒకదానికొకటి అతుక్కుపోయింది. ఏడు వందల చిల్లర రూపాయలు. ఈ మాట టీకా మర్యాదకు విరుద్ధమైనా ఉండనిస్తున్నాను.

‘ఋతువుల కూరలతో’: క్యాబేజీ.

‘మౌనంగా’: దోషము. ఇనప పలక మీద అట్లకాడల చప్పుడు, అమ్మేవాడి కేకలు లేని యాకిసోబా లేదు. మౌనం పాటించవలసినవాడు ఎవడో పైన చెప్పబడినది.

ఇచ్చట ఒక శంక. నిస్సిన్ వారి ‘యు.ఎఫ్.ఓ.’ (1976) వంటి డబ్బా యాకిసోబా ఉంది. అందులో వేడినీళ్లు పోసి, కాసేపుంచి, మూత చిల్లుల గుండా వంచి, సాస్ కలుపుతారు. పెనం ముఖం చూడని దానికి ఈ కులంలో చోటెట్లు? సమాధానము: ఆ నూడుల్ ఫ్యాక్టరీలోనే నూనెలో వేగి వచ్చినది. పూర్వజన్మ సంస్కారము.

మరి ఈ వంటకంలో ఎవరిది మేలు? జపానులో బి-1 గ్రాండ్ ప్రీ అని ఊళ్ల చవక వంటకాల పోటీ 2006లో హచినోహేలో మొదలైంది. బిగువైన నూడుల్, పంది కొవ్వు కాచగా మిగిలిన గసి, చేపపొడి కలిసిన ఫుజినోమియా యాకిసోబా ఆ ఏడూ, మరుసటి ఏడూ గెలిచింది. పైన సగం ఉడికిన గుడ్డు పరిచే యొకొతే యాకిసోబా 2009లో గెలిచింది. 2007 పోటీ ఫుజినోమియాలోనే, 2009 పోటీ యొకొతేలోనే జరిగాయని ఎత్తిపొడవవచ్చు. 2013 మాట వేరు. ఫుకుషిమా అణు ప్రమాదంతో 2011లో ఊరంతా ఖాళీ చేయవలసివచ్చిన నమీయే వాళ్లు తమ లావు నూడుల్ యాకిసోబాను పోటీ జరిగిన తొయొకావాకు మోసుకొచ్చి గెలిచారు. ఇళ్లు వెనక ఉండిపోయినా వంట వెంట వచ్చింది. సంప్రదాయం అనే మాట మెనూలో వాడదలచినవారు ఇక్కడ వాడుకోవచ్చు.

ఆ పోటీలలో తీర్పు చెప్పే పండితులు ఉండేవారు కారు. తిన్నవాళ్లు తమ పుల్లలను నచ్చిన ఊరి పెట్టెలో వేసేవారు. పుల్లలు తూచి, బరువెక్కువ ఉన్నవారిని గెలిపించేవారు.

తాత్పర్యము: అయ్యా, పళ్లెం ముందు పెట్టండి. వాక్యం బిల్లుతో పాటు ఇవ్వండి. అదెట్లాగూ చల్లగానే చదువుతాం.