డాలర్లు వదిలేయండి, షీట్లు లెక్కపెట్టండి

రెండు దేశాలు ఏటా ఎంత విలువైన కాగితం, అట్ట దిగుమతి చేసుకున్నాయో పోల్చాలంటే అందరూ ఒకటే చెబుతారు: రెండింటినీ డాలర్లలోకి మార్చి ఒకే గ్రాఫు మీద గీతలు గీయమని. నేను చెప్పేది వేరు. ముందు హైదరాబాద్ పాతబస్తీలోని పత్తర్‌గట్టికి వెళ్లండి. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన ఆ రాతి కమాన్ల కింద నడిచి, దగ్గర్లోనే ఉన్న ఛత్తా బజార్‌లోకి తిరగండి. వరసగా పెళ్లి కార్డుల దుకాణాలు. అక్కడ బేరమంతా జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో), సైజు, రేటు. డాలర్ ఊసే ఉండదు.

ఒక కట్ట ఎత్తి చూడండి. 23×36 అంగుళాల సైజులో, 300 జీఎస్‌ఎం అట్ట వంద షీట్లయితే 16 కిలోలు. అదే సైజులో 60 జీఎస్‌ఎం కాగితం రీము, అంటే 500 షీట్లు, అదీ 16 కిలోలే. మొదటిది పెళ్లి కార్డవుతుంది, రెండోది పిల్లల పుస్తకం. కస్టమ్స్ వాళ్ల పద్దులో రెండూ కాగితం, అట్టల 48వ అధ్యాయం కిందికే వస్తాయి. కాబట్టి విలువతోనే కాదు, బరువుతోనూ పోల్చకండి. రెండు దేశాల దిగుమతి బరువునూ షీట్లలోకి మార్చండి. ఏ రకం ఎంత మందమో దిగుమతుల పట్టికలో దొరక్కపోతే ఆగిపోవద్దు, మీ వీధి ప్రింటర్‌ను అడిగి ఒక సగటు జీఎస్‌ఎం వేసుకోండి. రోజూ కాగితం తడిమే చేయి చెప్పిన సగటు చాలు.

పాతబస్తీలో గల్ఫ్‌తో చుట్టరికం లేని వీధి ఉండదు గనక, మన దేశాన్నీ యూఏఈనీ తీసుకుందాం. దిర్హమ్ 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గరే కట్టేసి ఉంది. అప్పట్లో 36 దగ్గరున్న మన రూపాయి 2022లో 80 దాటింది. ఒక్క షీటు ఎక్కువ రాకపోయినా రూపాయల్లో మన దిగుమతి రెండింతలై కనబడుతుంది. డాలర్లలోకి మారిస్తే పోతుందిగా అంటారు. పోదు. దిగుమతి విలువలో ఓడ కిరాయి, బీమా కలిసే ఉంటాయి. 2021లో కంటైనర్ల కిరాయి ఎక్కడికి పోయిందో సరుకు తెప్పించిన ప్రతి వ్యాపారికీ తెలుసు. ఆ ఏడాది గీత పైకి లేచిందంటే అందులో కాగితమెంత, కిరాయెంత? అందుకే విలువల గ్రాఫే గీయాల్సి వస్తే 2020, 21, 22 సంవత్సరాలను అందులోంచి పూర్తిగా తీసేయండి. ఖాళీ కనబడితే కనబడనివ్వండి.

సంవత్సరాలను కూడా సరిచేయొద్దు. మన వాణిజ్య లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు, చాలా దేశాలది జనవరి నుంచి డిసెంబరు వరకు. ఎవరి ఏడాది వాళ్లకే ఉంచండి. ఈ బజారుకు అది కొత్త కాదు. నిజాం రాజ్యానికి కస్టమ్స్ వేరు, ఫసలీ అనే పంటల లెక్క సంవత్సరం వేరు, నాణెం హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు దాదాపు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. అయినా ఇక్కడ కొనడం, అమ్మడం ఆగలేదు.

ఇక గీత పక్కనే మిల్లులు మూతపడిన, తెరుచుకున్న తేదీలు రాయండి. నిజాం కాలంనాటి మన కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక గాని తేరుకోలేదు. ఇంట్లో మిల్లు ఆగితే ఆ లోటు బయటి సరుకుతోనైనా తీరాలి కదా. యూఏఈ సంగతి వేరు. దుబాయ్‌లో దిగిన సరుకులో కొంత మళ్లీ ఓడెక్కి పోతుంది. ఆ భాగం తీసేయకుండా వాళ్లు మనకంటే ఎక్కువ కాగితం వాడుతున్నారని రాయడం అన్యాయం.

కాబట్టి ఎవరైనా రెండు రంగుల గీతలు చూపించి ఫలానా దేశం ముందుందంటే ఒప్పుకోకండి. ఎన్ని షీట్లో, ఎంత మందమో చెప్పమని నిలదీయండి.